రొట్టె మీద ముగ్గు

బ్లేడును సగానికి విరిచి పుల్లకు గుచ్చడం అయింది, ఓవెన్‌లో ఇనుప గిన్నె కాగడం అయింది, ఫ్రిజ్‌లో నిదానంగా పులిసిన పిండిముద్ద బుట్టలోంచి కాగితం మీదికి దిగి, ఒంటి నిండా బియ్యప్పిండి పూసుకుని తెల్లగా కూర్చోవడం కూడా అయింది, ఇక గీయడమే తరువాయి. అక్షిత చెయ్యి మాత్రం గట్టు మీది నుంచి లేవనంటున్నది. ఎంత పనని? ఏడాదికి పైగా చేస్తున్న పని. నడుమ ఒక ఈనె, దానికి అటూ ఇటూ సన్నటి గీతలు, చుట్టూ చిన్న చిన్న కంకులు, చివరికి పక్కవాటుగా ఒక్కటే లోతైన కోత. కళ్లు మూసుకుని గీస్తానని భర్త రాజ్‌కుమార్ ముందు గొప్పలు పోయిన పని. కానీ ఇవాళ బ్లేడు అంచు కిటికీ వెలుగులో తళుక్కుమంటే చూపు పక్కకు పారిపోతున్నది. చంద్రుడు ఇంకా రాలేదు గానీ గ్రహణం ఎప్పుడో పట్టిందని టీవీలో ఒకాయన మధ్యాహ్నం నుంచి చెబుతూనే ఉన్నాడు. ఆమె కడుపుతో ఉన్నదన్న సంగతేమో ఈ ఇంట్లో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు.

ఇద్దరు పంతుళ్లు రెండు చానెళ్లలో కూర్చుని పొద్దున్నుంచీ వాదించుకుంటున్నారు. ఒకాయన కంటికి కనపడితేనే గ్రహణం అంటాడు. ఇంకొకాయన కనపడినా కనపడకపోయినా పట్టు పట్టే అంటాడు, గర్భిణులు కదలకుండా పడుకోవాలి, కత్తి, కత్తెర, సూది ఏదీ ముట్టకూడదు, గోరుతో గీరుకోవడం కూడా వద్దు అని వేలు ఆడిస్తూ చెబుతాడు, ఆ వేలు ముందర గది దాటి సూటిగా ఈ వంటగదిలోకే వచ్చినట్టు ఉంటుంది. అత్త రజని రిమోటు చేతబట్టి ఇద్దరినీ విని, తీర్పు తానే ఇచ్చేసింది. “కనవడని గ్రహణం మనకెందుకే? సంద్రుడు వచ్చేదే పొద్దుగూకినంక. ఆయన మొఖం సూపెట్టేలోపు నీ రొట్టె కాల్చెయ్. అన్న జగిత్యాల నుంచి బయలెల్లుతుండట.” అన్న అంటే రజని తోడబుట్టిన పరశురాములు, షుగరు వచ్చిన దగ్గర నుంచి అన్నం తగ్గించి ఈ పులిసిన రొట్టెకు అలవాటు పడ్డ పెద్దమనిషి. తినేముందు దాని మీది గీతలను ఫోటో తీసి చుట్టాలందరికీ పంపేది ఆయనే, మా రజని కోడలు రొట్టె మీద ముగ్గేస్తది అని ఊరంతా చాటింపు వేసిందీ ఆయనే. తీర్పు చెప్పి వెళ్లబోతూ రజని గుమ్మం దగ్గర ఆగి ఇంకో మాట కూడా అన్నది. “పట్టింపులు కడుపుతోటి ఉన్నోళ్లకు గని, నువ్వు ఒట్టి మనిషివేనాయె.” ఎత్తిపొడుపు కాదు, ఎత్తిపొడుపులు రజనికి రావు, తోచింది తోచినట్టు అనేసే నోరు ఆమెది. ఒట్టి మనిషి. అక్షిత తలూపి గట్టు వైపు తిరిగింది.

మొదటిసారి ఆ నోరే వీధంతా తిరిగింది. నెల తప్పిందని తెలిసిన పూటే మరమగ్గాల సాంచెల మీద పనిచేసే వాళ్లకు పేడాలు పంచింది, కోడలు నీళ్లోసుకుందని కూరగాయల బండివాడికి కూడా చెప్పింది, వాడు ఆ రోజు ఇన్ని కొత్తిమీర కట్టలు ఊరికే ఇచ్చి పోయాడు. సిరిసిల్లలో ఒక వీధికి చెప్పడమంటే ఊరికి చెప్పినట్టే, సాంచెల చప్పుడులో మాట్లాడుకోవాలంటే అందరూ అరిచే మాట్లాడతారు గదా. ఆ తర్వాత ఒక పొద్దున స్నానాల గదిలో ఎర్రటి నీళ్లు. సంతోషానికి వచ్చిన ఆడవాళ్లే మళ్లీ వచ్చారు, ఈసారి ఒట్టి చేతులతో, వరుసగా చాప మీద కూర్చుని, ఏమనాలో తెలియక ఫ్యాను వైపు చూసి, అయ్యో ఏం జేస్తం బిడ్డా అని లేచారు. వాళ్లు మంచివాళ్లే. ఆ మంచితనం కింద నలిగిపోయి ఆమె నెల రోజులు గుమ్మం దాటలేదు. రెండోసారి వీధికి చెప్పలేదు, ఇంట్లోనే చెప్పుకున్నారు. జగిత్యాలలో స్కానింగు. పొట్ట మీద చల్లటి జిగురు, డాక్టరమ్మ మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగింది, తెరను మెల్లగా తన వైపు తిప్పుకుంది, అంతే, నోరు తెరవకముందే అక్షితకు తెలిసిపోయింది. తిరుగు ప్రయాణంలో వేములవాడ ఇంకా రాకముందే రాజ్‌కుమార్ కారు ఆపి టైరు చూసి వస్తానని దిగాడు. టైరుకు ఏమీ కాలేదు. దాని పక్కన గొంతుక్కూర్చుని మొహం మోచేతిలో దాచుకున్నాడు. లారీలు పోతున్నాయి, ఆయన భుజాలు కదులుతున్నాయి, ఆమె అద్దం దించకుండా చూస్తూ కూర్చున్నది. అందుకే ఈసారి ఆయనకు కూడా చెప్పలేదు. పరీక్ష పుల్లను పేపర్లో చుట్టి, ఆ పేపరును కవర్లో చుట్టి, పక్క వీధి చెత్తబండిలో వేసి వచ్చింది. మూడో నెల దాటనీ, గుండె చప్పుడు వినపడనీ, అప్పుడు చెబుదాం. అప్పటిదాకా ఇది నాదీ దానిదీ, మధ్యలో ఎవరూ వద్దు.

రొట్టెల పిచ్చి మొదలైంది ఆ రెండోదాని తర్వాతే. ఫోన్లో చూసి నేర్చుకున్నది, గాజు సీసాలో గోధుమపిండీ నీళ్లూ కలిపి, రోజూ కొంత తీసేసి, కొంత కొత్త పిండి వేసి, బుడగలు వచ్చేదాకా. నిద్ర పట్టని దినాల్లో చేతికి ఏదో ఒక పని కావాలి గదా. “దోశెల పిండి మొఖం ఎరుగనట్టు చేస్తవేందే,” అని నవ్వింది రజని, “గా సీసకు బువ్వ వెడ్తవు, ఫ్యాను గాలికి వెడ్తవు, ఇగ జోలపాట ఒక్కటి తక్కువ.” ఆ మాటకు ఇద్దరూ నవ్వారు, నవ్వు సగంలో ఇద్దరికీ ఒకేసారి ఆగిపోయింది, రజని గబగబా బట్టలు తీయడానికి మిద్దె ఎక్కింది. మొదట్లో రొట్టెలన్నీ పాడే. నేతగాళ్ల ఇంటి చెయ్యి కదా, చీర మీద గళ్లు వేసినట్టు నిలువూ అడ్డం గీతలు గీసింది, అన్నీ ఒకే లోతు, కొలత పెట్టినట్టు సమానంగా. నేతలో అదే పనితనం, పోగు ఎక్కువ తక్కువలు కాకూడదు. రొట్టె దగ్గర అదే తప్పయింది. లోపల ఆవిరి పుట్టి పైకి తోసుకొస్తుంటే దానికి ఎటు పోవాలో తెలియలేదు, ఏ గీతా దారి ఇవ్వలేదు, చివరికి ముగ్గును వదిలేసి అడుగున పక్క నుంచి చిరిగింది. తర్వాత తెలిసింది, అందానికి గీసేవి పైపైన, తోలు మీద గోరు తగిలినంత, లోతు ఒక్క చోటే ఉండాలని. ఆ ఒక్క చోటు ముందే చూపించాలి, ఇదిగో ఇక్కడ విచ్చుకో అని. వాటాలు సమానంగా రావడానికి కండె నుంచి తెంపిన దారం పిండి మీద అదిమి ఆనవాలు పెట్టుకోవడం మాత్రం ఆమె సొంత తెలివి.

దారం. అది పెట్టుకోవచ్చు, అదిమితే కోసినట్టు కాదు. అక్షిత దారం తీసి రెండు చేతుల మధ్య సాగదీసి పిండిముద్ద మీద మెల్లగా ఆనించింది, తీసింది, అడ్డంగా ఇంకోసారి ఆనించింది, బియ్యప్పిండి మీద సన్నటి గాట్లు పడ్డాయి, గాట్లు కాదు, గుర్తులు, గాట్లు అనకు. చేతిలో బెరుకు ఉంటే ఈ పని చెడుతుంది, బ్లేడు ఒక్క ఊపున పోవాలి, మధ్యలో సందేహించి ఆపితే పిండి అంటుకుని సాగి పీచులు పీచులుగా లేస్తుంది, ఆమె భయం అంతా ఈ రాత్రి పరశురాములు ఫోన్లో తీసే ఫోటోలో కనపడుతుంది. నడుము ఎందుకో లాగుతున్నది. ఇంతసేపు నిలబడినందుకా? నిలబడితే నడుము లాగదా ఎవరికైనా? మొదటిసారి కూడా ఇట్లానే కింద నడుము దగ్గర మొదలైంది, కాదు, అప్పుడు ఎడమ పక్క, ఇది నడుమ. స్నానాల గదికి వెళ్లి చూసుకోవాలి. పొద్దున్నుంచి ఎన్నిసార్లు చూసుకుంది, ప్రతిసారీ ఊపిరి బిగబట్టి, ప్రతిసారీ ఏమీ లేదని గోడకు తల ఆనించి. మళ్లీ పోతే ఈసారి ఉంటుందేమో. పోకపోతే ఉండదేమో. డిగ్రీలో సైన్సు చదివావు అక్షితా, భూమి నీడ ఎక్కడో చంద్రుడి మీద పడితే సిరిసిల్లలో నీ కడుపుకేమవుతుంది? ఏమీ కాదు. ఏమీ కాదని తెలుసు. రెండు పోయినప్పుడూ ఏ గ్రహణమూ లేదు, ఏ కత్తీ లేదు, పసుపు నీళ్ల దగ్గర నుంచి ఫోలిక్ గోళీల దాకా అన్నీ చెప్పినట్టే చేసింది, అయినా పోయాయి. ఏమీ చేయకపోయినా పోయేది, చేస్తే ఉంటుందా?

చిన్నప్పుడు కోరుట్లలో నానమ్మ లచ్చవ్వ ఇంటి ఎదురుగా అంజి ఉండేవాడు, సైకిళ్లకు పంక్చర్లు వేసేవాడు. పై పెదవి నడుమ చీలి, కుట్లు వేసిన గుర్తు ముక్కు దాకా పోయి ఉండేది. నవ్వొస్తే తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వేవాడు, పిల్లలకు గాలి ఊరికే కొట్టేవాడు, అయినా అక్షిత ఆ తువ్వాలు జారుతుందేమోనని చూస్తూ ఉండేది, జారితే ఆ రాత్రి నానమ్మ పక్కలో దూరేది. వాళ్ల అమ్మ లింగవ్వ గ్రహణం పూట బీడీల ఆకు కత్తిరించిందనీ, కత్తెర పడ్డ చోటే కొడుకు పెదవి తెగిందనీ వాడకట్టంతా చెప్పుకునేవాళ్లు. కంపెనీకి బీడీలు ఒప్పజెప్పే ఆత్రంలో బిడ్డనే కత్తిరించుకుందిరా అని కూడా అన్నారు, లింగవ్వ వినేటట్టే అన్నారు. లింగవ్వ చేట ఒళ్లో పెట్టుకుని ఆకు కత్తిరిస్తూనే ఉండేది, తల ఎత్తేది కాదు. అక్షిత కాలేజీకి వచ్చాక ఒకసారి ధైర్యం చేసి ఆమె పక్కన కూర్చుని అడిగింది, నిజమేనా అని. లింగవ్వ ఆకు సవరించుకుంటూ చెప్పింది. “ఆ పొద్దు నేను కత్తెర ముట్టనే లేదు బిడ్డా. కాళ్లు జాపుకొని పండుకున్న, మా అత్త కావలి గూడ కూసున్నది. పుట్టినంక అందరు కత్తెర కత్తెర అన్నరు. అన్నంగ అన్నంగ నాకే అనుమానమైంది, ఏమో, ముట్టిన్నేమో అని.” అప్పుడు ఆ మాట విని కోపం వచ్చింది, లోకం మీద. ఇప్పుడు ఈ గట్టు దగ్గర అదే మాట తన మాటలాగే వినపడుతున్నది. ఏదైనా జరిగితే వెతికి వెతికి ఒక కత్తి తెస్తారు. తనకు వెతకాల్సిన పని కూడా లేదు, బ్లేడు ఇదిగో, చేతిలోనే ఉంది. వీధి అనకపోయినా తానే అనుకుంటుంది, బతికినన్నాళ్లూ అనుకుంటుంది, ఆ రోజు ఆ రొట్టె గీయకపోయి ఉంటే అని.

గీయకుండా తప్పించుకోవడానికి సాకు కావాలి. వేలు తెగిందని చెబుదామా, తెగాలంటే మళ్లీ బ్లేడే. తలనొప్పి అంటే రజని జండూబామ్ తెచ్చి రుద్ది, ఇగ తగ్గింది లే, గియ్యి అంటుంది. కడుపునొప్పి అన్న మాట ఈ ఇంట్లో అనకూడదు, అంటే తల్లీకొడుకులిద్దరి ముఖాలూ పాలిపోతాయి. ముట్టయిందని చెబితే సరిపోతుంది, వెంటనే పక్కకు కూర్చోబెడుతుంది, రొట్టె ముట్టనివ్వదు. కానీ ఆ మాట నాలుక దాకా కూడా రానివ్వలేకపోయింది, అబద్ధానికైనా సరే, రక్తం వచ్చిందని తన నోటితో అంటే వినేవాళ్లు ఎవరో వింటే? ఎవరు వింటారు? ఏమో. తథాస్తు అనేవాళ్లు. ముద్దను మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టేయొచ్చు, కానీ ఇప్పటికే పొంగి పొంగి ఉంది, వేలితో నొక్కితే గుంట అట్లాగే ఉండిపోతున్నది, ఇంకాసేపుంటే చతికిలబడుతుంది, అయినా ఎందుకు పెట్టావే అని అడిగితే జవాబేది? నిజం ఒక్కటే జవాబు. నిజం చెబితే మళ్లీ పేడాలు, మళ్లీ కొత్తిమీర కట్టలు, మళ్లీ చాప మీద ఆడవాళ్లు. పోనీ గీసేయ్. చంద్రుడు రాలేదు గదా ఇంకా, కనపడేదాకా గ్రహణం కాదని ఒక పంతులు చెప్పాడు గదా, ఆయన పంతులు కాడా? అక్షిత బ్లేడు పుల్లను చేతిలోకి తీసుకున్నది. పుల్ల తేలిగ్గా ఉంది. ఊపిరి పీల్చుకుని, ఈనె ఎక్కడ మొదలుపెట్టాలో అక్కడ, దారం గుర్తు మీద, బ్లేడు కొసను గాలిలో నిలిపింది.

“నిలవడ్డది! రోకలి నిలవడ్డది!”

వాకిట్లో కేకలు. పక్కింటి రమ ఇత్తడి తాంబాళంలో నీళ్లు పోసి రోకలి నిలబెడతానని మధ్యాహ్నమే చెప్పింది, గ్రహణం పట్టి ఉంటేనే అది నిలబడుతుందని వీధి నమ్మకం. అడుగు చదునుగా ఉంటే రోకలి ఏ రోజైనా నిలబడుతుంది, రాజ్‌కుమార్ పోయిన గ్రహణం అయ్యాక ఒక మామూలు రోజున నిలబెట్టి చూపించాడు కూడా, అందరూ నవ్వారు. కిటికీలోంచి కనపడుతూనే ఉంది, తాంబాళం నడుమ రోకలి ఏ చెయ్యీ పట్టుకోకుండా నిటారుగా, చుట్టూ ఆడవాళ్లు దండం పెడుతూ, పైన ఆకాశం ఇంకా వెలుతురుగా, చంద్రుడు ఎక్కడా లేడు, కానీ రోకలి నిలబడింది. అడుగు చదును. అడుగు చదును. అక్షిత చేతిలో బ్లేడు దానంతట అదే కిందికి వాలి, కొస బియ్యప్పిండికి తగిలింది, తగిలిన చోట మెంతి గింజంత చుక్క పడింది, గీత కాదు, చుక్క, ఆమె దెబ్బ తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కుని రెండో చేతిని పొత్తికడుపు మీద పెట్టుకున్నది. నాకు నమ్మకం లేదు, నాకు నమ్మకం లేదు, నేను చదువుకున్నాను, కానీ నాది ఇది ఒక్కటే ఉంది, దీని మీద పందెం కాయలేను. పేడాలు పంచితే పంచనీ. చాప వేస్తే వేయనీ.

“అత్తమ్మా.”

“ఏందే?”

“జర ఇట్ల రా.”

రజని వాకిట్లోంచి నవ్వుకుంటూ వచ్చింది, రోకలి సంగతి చెప్పబోతూ. అక్షిత బ్లేడు పుల్లను కొన తన వైపుకు తిప్పుకుని, పిడి అత్త వైపు చాచింది. “నువ్వు గియ్యి.”

“నాకేమొస్తది? గా కంకులు, ఆకులు నాకెక్కడొస్తయి. నీ చెయ్యికేమైంది...” అంటూ పుల్ల అందుకోబోయి రజని ఆగింది. బ్లేడును చూసింది. కిటికీలోంచి రోకలిని చూసింది. కోడలి ముఖం చూసింది, అక్కడి నుంచి చూపు కిందికి దిగబోయి, దిగకుండా ఆగిపోయింది. ఈ ఇంటికి వచ్చిన దగ్గర నుంచి అక్షిత ఎరిగిన ఆ నోరు ఊరికే తెరుచుకుని ఉండిపోయింది. తర్వాత రజని పుల్ల తీసుకుని, చుట్టూ చూసి, ఎక్కడ పెట్టాలో తోచనట్టు అటు ఒక అడుగు ఇటు ఒక అడుగు వేసి, అటక మీద డబ్బాల వెనకకు నెట్టేసింది.

“వానికి ఎరికేనా?”

అక్షిత తల అడ్డంగా ఊపింది. కన్నీళ్లు ఆగలేదు. “ఎవ్వలికి చెప్పకు అత్తమ్మా. ఈసారి ఎవ్వలికి వద్దు. నాకు బుగులైతుంది.”

రజని చీర కొంగుతో కోడలి చేతికి అంటిన బియ్యప్పిండి తుడిచింది, ఒక్కో వేలూ విడిగా. “గీయకుంటె ఏమైతది దానికి?” అన్నది రొట్టె వైపు చూపించి.

“ఎక్కడ వడితె అక్కడ పలుగుతది.”

“పలగనియ్యి. నువ్వు పోయి పండుకో. మెల్లగ. ఒంటి మీద గోరు గూడ తాకనియ్యకు.”

పడకగది పరదాలు రజనే వేసిపోయింది. అక్షిత వెల్లకిలా పడుకుని, చేతులు రెండూ పక్కలకు పెట్టుకుని, దురద పుట్టిన చోటును కూడా తాకకుండా ఉన్నది. భయం ఎక్కడికీ పోలేదు, నడుము లాగుతూనే ఉంది, స్నానాల గది అట్లాగే అక్కడే ఉంది. వంటగదిలో ఓవెన్ తలుపు తీసిన చప్పుడు, ఇనుప గిన్నె చప్పుడు, అబ్బా అని రజని నోరు నొక్కుకున్న చప్పుడు, కాలినట్టుంది. ఇక బయటికి పోతుంది, రమకు చెబుతుంది, రోకలి చుట్టూ ఉన్నవాళ్లంతా లోపలికి వస్తారు అని అక్షిత చెవులు రిక్కించి కాచుకున్నది. వాకిలి తలుపు మూసిన చప్పుడు వచ్చింది, లోపలి నుంచి గడియ పడింది. కాసేపటికి ఫోను మోగింది.

“ఆ అన్నా... ఇయ్యాల రాకు. గ్రహణం గదా, రేపు పొద్దుగాల రా... రొట్టె అయితుంది... లేదు, ముగ్గు లేదు. నేనే వద్దన్న. తినే రొట్టెకు ముగ్గెందుకు, ఊకె కోసి కోసి... ఏం లేదన్నా. అందరం మంచిగనే ఉన్నం.”

సాంచెల చప్పుడు మీదుగా వీధి చివరిదాకా వినపడే గొంతు, పక్క గదిలోకి కూడా సరిగా రావడం లేదు.